నలభై ఏడో టవరు కింద

ఎండ కాసినంతసేపూ తీగలు నోరు విప్పవు.
మంచు తడిసిన పొద్దున మాత్రం
తేనెతుట్టె మింగిన గొంతుతో
నలభై ఏడో టవరు సన్నగా రొద పెడుతుంది.

ఆ రొద కిందే మా దారి.
బెత్తెడు వెడల్పు.
ఒక సైకిలుకి సరిపోతుంది, పక్కన ఇంకో మాటకి చోటుండదు.

కరెంటు వాళ్ళు చెట్లు కొట్టేసి పోయాక
ముళ్ళపొదలొచ్చాయి, పసుపుపూల కలుపొచ్చింది,
వాటిని తొక్కుకుంటూ జింకలొచ్చాయి.
జింకలు మొదలుపెట్టిన వాక్యాన్ని
మేం టైర్లతో పొడిగించాం, అంతే.

వాల్టర్ హ్రిన్‌చుక్ ఆ టవర్లెక్కి ముప్ఫై రెండేళ్ళు బతికాడు.
ఇప్పుడు ఒక మోకాలు స్టీలు.
ఏటా ఏప్రిల్లో బురద గట్టిపడకముందే
పార భుజాన వేసుకుని వస్తాడు.
"ముందు నీళ్ళకి దారివ్వు,
తర్వాత నీ బండికి" అంటాడు.
మలుపులకి గట్లు కట్టడం నాకు అలాగే వచ్చింది,
పాల డబ్బాల బుట్టలో మట్టి మోసి,
పార వెనకతో చరిచి చరిచి.

నక్క మలుపు. సీసాల వాలు.
విరిగిన పన్ను:
ఆ పన్ను నాదే.

మే నెలలో గులాబి రిబ్బన్లు వచ్చాయి,
గూటానికొకటి, గాలికి ఊగుతూ.
టెస్కీ వాళ్ళ చిన్నది
"ఎవరి పుట్టినరోజు?" అని అడిగింది.

టౌన్ హాల్ గోడ మీద పటం.
మూడు వందల పన్నెండు ఇళ్ళు, లేత పసుపు గళ్ళు.
మేం పదిహేనేళ్ళు తొక్కిన చోట
రెండే మాటలు: ఖాళీ స్థలం.
తీగల కింద ఇల్లు కట్టరట. గడ్డి పరుస్తారట.
దాని మధ్య ఓ తారు బాట,
సైకిలు దిగి నడిపించుకోవాలట.
వీధులకి పేర్లు కూడా పెట్టేశారు.
ఒకటి నక్క మలుపు వీధి.
విరిగిన పన్ను మాత్రం
ఎవరికీ అక్కర్లేకపోయింది.

నాకు మూడు నిమిషాలిచ్చారు.
నాలుగు పేజీలు రాసుకెళ్ళాను.
నా ముందు వరసలోంచి ఒకావిడ లేచింది,
ఫిర్దౌసా, నైట్ డ్యూటీ నర్సు,
మెడలో ఇంకా ఆస్పత్రి కార్డు.
"ముగ్గురు పిల్లలతో ఏడేళ్ళుగా నేలమాళిగలో ఉంటున్నా.
కిటికీలోంచి జనం కాళ్ళే కనిపిస్తాయి.
త్వరగా కట్టండి" అని కూర్చుంది.
ఆవిడకి ఒక నిమిషం కూడా పట్టలేదు.

నా వంతు వచ్చింది.
కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.
"నలభై ఏడో టవరుకి తూర్పున
వసంతంలో నీళ్ళు పైకి ఊరుతాయి.
పటంలో అది లేదు.
అక్కడ ఎవరికీ ఇల్లు కట్టకండి" అన్నాను.
ఇంజనీరు రాసుకున్నాడు.
రాసుకున్నట్టు తల ఊపాడేమో, తెలీదు.

బయట పార్కింగులో వాల్టర్
మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు.
"నీ వీధి మొక్కజొన్న చేనుగా ఉన్నప్పుడు
మా దారి అటే పోయేది, తెలుసా?
నీ వంటిల్లుందే,
సరిగ్గా అక్కడ మూడో మలుపు.
నువ్వొచ్చినప్పుడు
నీ మీద నెల రోజులు కోపం నాకు."

ఇన్నాళ్ళూ చెప్పలేదేం అని అడగలేదు.

ఆ రాత్రి దీపం వెయ్యకుండా
వంటింట్లో చెప్పుల్లేకుండా నిలబడ్డాను.
పలకలు చల్లగా, చదునుగా,
ఎటూ వాలకుండా ఉన్నాయి.
కుళాయిలోంచి ఒక్కో చుక్కా పడుతోంది.
పొయ్యి వైపు నుంచి సింకు వైపు నడిచాను,
మళ్ళీ నడిచాను.

రెండోసారి
ఒళ్ళు దానంతటదే
కాస్త ఎడమకి ఒరిగింది.